బుర్రకథకు ప్రాణం పోసిన నటగాయకుడు షేక్ నాజర్

నటుడు వేరు, గాయకుడు వేరు అనే విభజన మన పూర్వపు రంగస్థలానికి తెలియదు. 1880వ దశకంలో ధార్వాడ నాటక సమాజంవారు తెలుగునాట ప్రదర్శనలిచ్చి వెళ్ళిన పిమ్మట ఇక్కడ పెంపొందిన పద్యనాటకంలో వేషం కట్టినవాడే రాగం తీయవలెను. కంఠం లేనివానికి కిరీటం దక్కేది కాదు. తొలినాటి మాటాడే చిత్రాలలోనూ ఇదే పద్ధతి కొనసాగింది. చిత్తూరు నాగయ్యగారు, భానుమతిగారు తమ పాత్రలకు తామే పాడుకొన్నారు. నేపథ్యగానం వచ్చిన తరువాత ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయినది. దీనివలన చలనచిత్ర సంగీతానికి లాభమే కలిగినదని ఒప్పుకొనక తప్పదు. అయితే ఒకే దేహంలో నటన, గానం, నృత్యం, వాద్యం కలిసి జీవించే పాత విద్యకు నిలువనీడ కరువైనది. ఆ విద్య సజీవంగా మిగిలిన కొద్ది తావులలో బుర్రకథ వేదిక ఒకటి. ఆ వేదికపై అర్ధశతాబ్ది నిలిచిన షేక్ నాజర్‌గారి జీవితాన్ని, కళను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మా సంచికకు రెండు ముఖాలున్నవని పాఠకులకు విదితమే. కుడినుండి తెరిస్తే ఉర్దూ, ఎడమనుండి తెరిస్తే తెలుగు. నాజర్‌గారిపై వ్యాసం వేయవలెనని నిశ్చయించినప్పుడు అది ఏ వైపున రావలెనన్న ప్రశ్న మొదట పుట్టింది. పేరు చూస్తే ఉర్దూ విభాగానికి చెందవలసినవారు. ఆయన జీవితమంతా పాడినది తెలుగు. ఈ ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును గాని, పలాసలో, కాశీబుగ్గలో, టెక్కలిలో, మందసలో ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరుగుతున్న మా విద్యార్థులలో అనేకులకు ఇది సొంత ప్రశ్నయే. కనుక దానిని దాటవేయక, ఆయన జీవితాన్నే అడిగి చూడదలచాము.

షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. దూదేకులవారినే పింజారులనీ, నూర్‌బాషాలనీ వ్యవహరిస్తారు. గింజ తీసిన పత్తిని వింటినారితో మీటి, పొరలు పొరలుగా విడదీసి, మెత్తని దూదిగా చేయడం వారి కులవృత్తి. మన జిల్లా పాఠకులకు ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు తీయడం చూసినవారెవరూ దూదిపనిని తక్కువగా ఎంచలేరు. నూలు వడికిన చేయి ఎంత నేర్పరిదైనా, అంతకుముందు దూది చక్కగా ఏకకపోతే దారం మధ్యలో తెగుతుంది. కాని లోకం ఆ పని చేసినవారిని అలా చూడలేదు. "తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా" అన్న సామెత మనమందరం నవ్వుతూ వాడుకొనేదే. ఆ నవ్వులో రెండు తిరస్కారాలున్నవి. ఉర్దూ రాదని, ఆచారం చాలదని ముస్లిములు వారిని దూరం పెట్టారు. పేరు వేరని, మతం వేరని హిందువులు దూరం పెట్టారు. రెండు గుమ్మాల నడుమ నిలబడిన ఇంటిలో నాజర్ పుట్టారు.

బాల్యంలోనే ఆయనకు కమ్మని కంఠమున్నదని పెద్దలు గుర్తించారు. నాటక సమాజంలో చేరి, శాస్త్రీయ సంగీతం అభ్యసించి, చిన్ననాటినుండి వేషాలు కట్టారు. ఆ రోజులలో స్త్రీపాత్రలను పురుషులే ధరించేవారు కనుక లేతగొంతుగల బాలురకు గిరాకీ అధికం. "పాదుకా పట్టాభిషేకం"లో కైకేయిగా, "ఖిల్జీ రాజ్య పతనం"లో కమలారాణిగా ఆయన పేరు పొందారు. ఈ రెండు పాత్రలను ఒక్క క్షణం పక్కపక్కన పెట్టి చూడవలెను. ఒకటి రామాయణంలోనిది. రెండవది ఢిల్లీ సుల్తాను చేత చిక్కిన గుర్జర రాణిది. ఈ రెంటినీ ధరించి ప్రేక్షకుల కంట నీరు తెప్పించినవాడు ఒక దూదేకుల పిల్లవాడు. ప్రేక్షకులు ఆనాడు నటుని కులగోత్రాలు విచారించి ఏడవలేదు. పాత్ర దుఃఖం నిజమా కాదా అని మాత్రమే చూశారు. విచారణలన్నీ తెర పడిన తరువాత, భోజనాల వేళ మొదలయ్యేవి. నాటకశాలకు, పంక్తికి ఉన్న ఈ దూరం నాజర్‌గారి కథలన్నింటా ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుందని మా అభిప్రాయం.

1943లో బొంబాయిలో భారతీయ ప్రజానాట్య సంఘం ఏర్పడింది. దాని ఆంధ్రశాఖగా డాక్టర్ గరికపాటి రాజారావుగారి నాయకత్వాన ప్రజానాట్యమండలి వెలసింది. ఫాసిజం మీద, వంగదేశపు కరువు మీద, జమీందారీ దోపిడీ మీద జనానికి చెప్పవలసినది చాలా ఉన్నది. చదువు వచ్చినవారు తక్కువ. నాటకమాడవలెనంటే తెరలు, దీపాలు, దుస్తులు, డజనుమంది నటులు కావలెను. అందుచేత ముగ్గురు మనుషులతో, ఒక అరుగు మీద, ఒక లాంతరు వెలుగులో చెప్పగల కథారూపం కోసం వెదికారు. అప్పటికే పల్లెలలో ఉన్న జంగంకథ వారి చేతికి అందింది.

జంగంకథలో శైవభిక్షువైన జంగం తంబురా పట్టి కథ చెబుతుంటే, తరచుగా అతని భార్యలే ఇరుప్రక్కల వంతలుగా ఉండేవారు. కథ భక్తిపరంగానో, వీరగాథగానో సాగేది. ప్రతిఫలం తవ్వెడు బియ్యం, పాత బట్ట. కథ అడుగుకొని తినేవాని విద్యగా ఉండడంచేత దానికి గౌరవం లేదు. దానికి కొత్త వస్తువును, కొత్త వేగాన్ని ఇచ్చి, బుర్రకథ అన్న పేరుతో సభావేదికలపైకి తెచ్చినవారిలో సుంకర సత్యనారాయణగారి వంటి రచయితలు, నాజర్‌గారి వంటి కథకులు ముఖ్యులు. బుర్ర అనే మాట తంబురా అడుగున ఉండే సొరబుర్ర నుండి వచ్చినదని కొందరు, వంతలు వాయించే గుమ్మెట నుండి వచ్చినదని కొందరు అంటారు. ఏది ఎట్లున్నా కథకుని తలలోని బుర్ర చురుకుగా లేకపోతే మొదటి రెండు బుర్రలూ నిష్ప్రయోజనమే.

బుర్రకథ నిర్మాణాన్ని కొంచెం వివరంగా చెప్పుకొనవలసి ఉన్నది. విద్యార్థులలో చాలామంది పేరు విన్నవారే గాని పూర్తి కథ విన్నవారు అరుదు. నడుమ ప్రధాన కథకుడు. తలపాగా, అంగరఖా, నడుముకట్టు, కాళ్ళకు గజ్జెలు. భుజాన తంబురా. ఒక చేతి వేళ్ళు తంతిని మీటుతూ ఉండగా, రెండవ చేతిలో లోహపు అందెలు తాళం వేస్తూ ఉంటవి. ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. వారిలో ఒకరు హాస్యగాడు, రెండవవాడు రాజకీయగాడు. కథకుడు ఒక చరణం పాడితే వంతలు తందాన పలుకుతారు. కథకుడు వచనంలోకి దిగి సంగతి విడమరుస్తాడు. హాస్యగాడు అడ్డు తగిలి, మనమందరం లోలోపల అనుకొనే పామరప్రశ్నను బయటికి అడుగుతాడు. రాజకీయగాడు ఆ పాతకథను నేటి ధరవరలకు, నేటి అధికారికి, నేటి అన్యాయానికి ముడిపెడతాడు. ఇంతలో గుమ్మెట మారుమ్రోగుతుంది, కథ మళ్ళీ పరుగెత్తుతుంది.

ఇందులోని కష్టం పద్యనాటకపు కష్టంకంటె వేరైనది. నాటకంలో శ్రీకృష్ణ వేషధారి తెల్లవార్లూ శ్రీకృష్ణుడే. పద్యాన్ని ఎంతసేపు రాగమాలాపించినా "వన్స్‌మోర్" అని కేకలు వేస్తారే గాని విసుగుకొనరు. బుర్రకథకునికి అట్టి సౌకర్యం లేదు. అతడు ఆలాపన మీద ఆశపడి ఆగితే కథ చస్తుంది. ఒకే నిమిషంలో అతడే నాయకురాలు నాగమ్మ, అతడే బ్రహ్మనాయుడు, అతడే కొడుకును యుద్ధానికి పంపే తల్లి, మరుక్షణం ఆ ముగ్గురినీ దూరంనుండి చూసి చెప్పే కథకుడు. వేషం మార్చుకొనడానికి తెర చాటు లేదు. కనుబొమ్మ, మెడ తిప్పు, గొంతు స్థాయి, అడుగు వేసే తీరు, ఇవే అతని పెట్టెలోని వేషసామగ్రి. పైగా ఎగురుతూ, గిరగిర తిరుగుతూ పాడుతున్నప్పుడు శ్వాస తప్పకూడదు, శ్రుతి జారకూడదు. కైకేయిగా, కమలారాణిగా నేర్చిన అభినయం, బాల్యంలో అభ్యసించిన శాస్త్రీయ స్వరజ్ఞానం, పల్లె జంగంకథలోని వేగం, ఈ మూడూ నాజర్‌గారిలో కలిసినవి. నాటకాలవారికి జంగంకథ తెలియదు. జంగాలకు నాటకశిక్షణ లేదు. రెండు వైపులా తెలిసినవాడు కనుకనే ఆ కలయిక ఆయనవలన సాధ్యమైనది. ఆయనను బుర్రకథా పితామహుడని లోకం పిలవడానికి కారణం ఇదే గాని, ఆ రూపాన్ని ఆయన శూన్యంనుండి సృష్టించారని కాదు.

మన ఉద్దానంలో బుర్రకథకంటె ముందునుండి వేళ్ళూనినది జముకులకథ. లోపల డొల్లగా ఉండే పాత్రకు ఒక ప్రక్క తోలు బిగించి, ఆ తోలునుండి తంతిని లాగి కట్టి, చంకన ఇరికించుకొని మీటుతారు. ఆ ధ్వని మూలుగులా మొదలై గర్జనగా మారుతుంది. గ్రామదేవతల పండుగలలో ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు తెల్లవారుజాము దాకా ఆ శబ్దం కొబ్బరితోటల మీదుగా వినబడేదని పెద్దలు చెబుతారు. 1960వ దశకంలో బొడ్డపాడు గ్రామంలో నివసించిన సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకులకథనే తీసికొని రైతుకూలీల బ్రతుకును కథగా కట్టి ఊరూరా చెప్పారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ఆయన మరణించారు. ఆయన రాజకీయ మార్గాన్ని చర్చించడం మా పని కాదు. ప్రస్తుతానికి సంబంధించిన సంగతి ఒక్కటే. ఒడియా కుటుంబంలో పుట్టిన పాణిగ్రాహి, దూదేకుల ఇంట పుట్టిన నాజర్, ఇద్దరూ ఇంటిపేరును బట్టి కాక చుట్టూ ఉన్న జనం చెవిని బట్టి తమ వాద్యాన్ని, తమ భాషను ఎన్నుకొన్నారు.

ఆ జనం చెవి అప్పటికే ఎట్లా సిద్ధమై ఉన్నదో ఉద్దానం చరిత్రే చెబుతుంది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలో జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీకి చెందిన గుడారి రాజమణిపురంలో అడవి కర్ర హక్కు కోసం నిలిచిన రైతులపై కాల్పులు జరిగి వీరగున్నమ్మ నేలకొరిగింది. నాలుగేళ్ళ తరువాత, 1944లో, అదే కిసాన్ సభ మహాసభ బెజవాడలో జరిగేనాటికి ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్రదేశమంతటా తిరుగుతున్నవి. పలాస సభనాటికి కొత్త బుర్రకథ ఇంకా పుట్టలేదు. బెజవాడ సభనాటికి అది రైతు ఉద్యమానికి గొంతుక అయి ఉన్నది. ఈ నాలుగేళ్ళ ఎడమలోనే నాజర్‌గారి కళాజీవితపు మలుపు కూడా ఉన్నదన్నది గమనార్హం.

1943 నాటి వంగదేశపు కరువులో సుమారు ముప్పై లక్షలమంది మరణించారని అంచనా. నాజర్‌గారు "బెంగాల్ కరువు" కథ చెప్పారు. కలకత్తా వీధులలో గంజి కోసం అలమటించినవారి దుఃఖం గుంటూరు జిల్లా పల్లెవారికి చేరడానికి పత్రికలకంటె ఈ కథలే ఎక్కువ తోడ్పడినవి. 1946 తరువాత మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనలపై నిర్బంధం విధించింది. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన "మా భూమి" నాటకం నిషేధానికి గురియైనది. దళాలు చెదిరిపోయినవి. ప్రభుత్వాలు పాటకు భయపడటం ఒక్క మన దేశపు వింత కాదు. అమెరికా నీగ్రో నటగాయకుడు పాల్ రాబ్సన్ 1943లో బ్రాడ్వేలో ఒథెల్లో పాత్ర ధరించి ప్రపంచఖ్యాతి పొందినవాడు. 1950లో ఆయన ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాగుకొని ఎనిమిదేళ్ళపాటు దేశం దాటనివ్వలేదు. రాబ్సన్‌కు అంతర్జాతీయ సభలు అండగా నిలిచినవి. మన బుర్రకథకునికి ఊళ్ళో ఎవరో ఒకరు పెట్టిన సంగటిముద్ద తప్ప వేరే అండ లేదు.

నాజర్‌గారు చెప్పిన కథలలో "పల్నాటి యుద్ధం", "బొబ్బిలి యుద్ధం", "అల్లూరి సీతారామరాజు", "వీరాభిమన్యు" మొదలైనవి ప్రసిద్ధాలు. వీనిలో పల్నాటి కథ ఆయనకు పెట్టినది పేరు. ఆ కథను ఆయన చేపట్టడానికి కేవలం స్వంత జిల్లా అభిమానమే కారణమని మేము భావించము. పన్నెండవ శతాబ్దంనాటి ఆ కథలో కోడిపందెం ఉన్నది, దాయాదుల పగ ఉన్నది, కారంపూడి రణరంగం ఉన్నది. వీటన్నిటినీ మించి చాపకూడు ఉన్నది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చుండబెట్టి అన్నం తినిపించాడు. మాలవాడైన కన్నమదాసును సేనానిని చేశాడు. నాటకశాలలో చప్పట్లు కొట్టి పంక్తిలో పక్కకు జరిగినవారిని చూసిన నటుడు, చాపకూడు ఘట్టం చెప్పేటప్పుడు ఏమి అనుభవించి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. చరిత్రకారులు ఆ కథలోని నిజానిజాలను తర్కించుకొనుగాక. కథకునికి ఆ చాప నిజమే.

బొబ్బిలి కథ మన ఉత్తరాంధ్రది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, విజయనగరం బలగం కలిసి బొబ్బిలి కోటను ముట్టడించినవి. ఆ కథలో బుస్సీ దివాను హైదర్ జంగు ప్రతినాయక పక్షంలోనివాడు. ఒక ముస్లిం కథకుడు ఆ పాత్రను ఎట్లా అభినయించవలెను? మా విద్యార్థులలో ఒకరికి ఈ సందేహం కలిగింది, అది మంచి సందేహమే. లంచగొండి దివాను లంచగొండిగానే కనబడవలెను, అంతే. అతని టోపీని బట్టి కథకుడు అతనిని వెనుకవేసుకొని వచ్చినా, తన నిజాయితీ నిరూపించుకొనడానికి రెట్టింపు దుష్టునిగా చూపినా రెండూ అబద్ధమే అవుతవి. తన ఇంటివాడని ఒకరికి మెరుగు దిద్దడం, పరాయివాడని ఒకరికి మసి పూయడం కథకుని వృత్తిధర్మం కాదు. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న కాకపోయినా, చరిత్ర చదివేవారందరికీ ఎదురయ్యే ప్రశ్న.

చలనచిత్రాలలో ఆయన కనబడినది స్వల్పం. గరికపాటి రాజారావుగారు 1953లో నిర్మించిన "పుట్టిల్లు"లోను, 1954లో విడుదలైన "అగ్గిరాముడు"లోను ఆయన బుర్రకథ ఉన్నది. "అగ్గిరాముడు"లోని అల్లూరి సీతారామరాజు కథ వలన సినిమా చూసేవారికందరికీ ఆయన పేరు తెలిసింది. 1922లో మన్యంలో లేచిన పితూరీని కొద్ది నిమిషాలలో చెప్పిన ఆ ఘట్టం చూడదగినదే. అయినా మూడు గంటల కథను ఊపిరి సలపకుండా నడిపే కథకుని నైపుణ్యం ఆ కొద్ది నిమిషాలలో అంచనాకు రాదు. కెమెరా ఎక్కడ నిలబడితే అక్కడినుండే చూడవలసిన ప్రేక్షకునికి, హాస్యగాడు విసిరిన మాటకు జనంలోనుండి వచ్చే బదులు వినబడదు. ఆ బదులు లేని బుర్రకథ సగం కథ.

తరువాతి కాలంలో ప్రభుత్వ ప్రచార శాఖలు ఈ కళను పిలిచి పీట వేసినవి. కుటుంబ నియంత్రణ మీద, పొదుపు మీద, ఎరువుల మీద బుర్రకథలు వచ్చినవి. దళాలకు నాలుగు డబ్బులు దొరికినవి కనుక దీనిని నిందించలేము. కాని వంతలు అడగవలసిన పామరప్రశ్నను ముందే కార్యాలయంలో వ్రాసి పంపినప్పుడు హాస్యగాని నోరు సగం కట్టివేసినట్లే. నిషేధం కథను ఆపగలిగిందే గాని చప్పగా చేయలేకపోయింది. ఆ పని ఆదరణ చేసింది.

1986లో భారత ప్రభుత్వం నాజర్‌గారిని పద్మశ్రీతో సత్కరించింది. ఒకనాడు ఏ ఉద్యమపు వేదిక మీద పాడినందుకు నిర్బంధం ఎదురైనదో, ఆ విద్యకే ఈ గౌరవం. 1997 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

అంతకు పూర్వం తన జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తిగారికి చెప్పగా అది గ్రంథరూపం దాల్చింది. దానికి "పద్మశ్రీ" అనో, "బుర్రకథా పితామహుడు" అనో పేరు పెట్టి ఉండవచ్చును. "పింజారి" అని పెట్టారు. ఏ మాటతో తనను, తనవారిని ఊరు చిన్నచూపు చూసిందో ఆ మాటను అట్ట మీద పెద్ద అక్షరాలతో నిలబెట్టారు. ఆ పుస్తకాన్ని మా గ్రంథాలయంలో ముస్లిం ప్రముఖుల జీవితచరిత్రల వరుసలో ఉంచవలెనా, జానపద కళల వరుసలో ఉంచవలెనా అని చర్చ జరిగింది. ఉర్దూ అధ్యాపకులు ఒక ప్రతి తమకు కావాలన్నారు. చివరకు రెండు ప్రతులు తెప్పించడానికి కమిటీ అంగీకరించింది. ఈ వ్యాసం మాత్రం, సంచిక నడుమ రెండు భాషలు ఎదురుబొదురుగా కలిసే పుటలకు ముందు, తెలుగు వైపున వెలువడుతున్నది.